చిట్టెలుక గుండెలో రక్తప్రవాహం: అయస్కాంత అనునాద చిత్రణ పరిణామక్రమం

వ్యాససంగ్రహం:

గుండె గదుల్లోనూ ధమనుల్లోనూ రక్తం ఎంత వేగంగా పారుతోంది, గుండె కండరానికి ఎంత రక్తం అందుతోంది అనే రెండు ప్రశ్నలకు జంతువును కోయకుండా సమాధానం చెప్పగల సాధనాల్లో అయస్కాంత అనునాద చిత్రణ ముఖ్యమైనది. వైద్యశాలల్లో ఎం.ఆర్.ఐ. పేరుతో అందరికీ తెలిసిన ఈ పద్ధతిని చిట్టెలుక వంటి చిన్న ప్రాణి గుండెకు అన్వయించడం చాలా కష్టమైంది. ఆ కష్టం ఎక్కడుంది, దాన్ని పరిశోధకులు దశలవారీగా ఎలా అధిగమించారు అనే విషయాలను ఈ వ్యాసం చారిత్రక క్రమంలో పరిశీలిస్తుంది. ఈ ప్రగతికి అయస్కాంతాల బలం పెరగడం ఒక కారణం మాత్రమేననీ, గుండె లయకు కొలతను అనుసంధానించే పద్ధతులు అంతకంటే నిర్ణాయకమైన పాత్ర వహించాయనీ నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: అయస్కాంత అనునాదం, రక్తప్రవాహం, హృదయ కండరం, చిట్టెలుక, స్పిన్ లేబలింగ్, విజ్ఞానశాస్త్ర చరిత్ర.

1. ఉపోద్ఘాతం:

మనిషి గుండె విశ్రాంతిలో నిమిషానికి సుమారు 70 సార్లు కొట్టుకుంటుంది. అంటే ఒక్కొక్క స్పందనకు దాదాపు 860 మిల్లీసెకన్ల వ్యవధి ఉంటుంది. చిట్టెలుక గుండె నిమిషానికి 500 సార్లు కొట్టుకుంటుందనుకుంటే ఒక స్పందనకు మిగిలేది 120 మిల్లీసెకన్లే. ఒక స్పందనను ఇరవై చిత్రాలుగా విభజించి చూడదలిస్తే మనిషి విషయంలో ఒక్కో చిత్రానికి 43 మిల్లీసెకన్లు, చిట్టెలుక విషయంలో 6 మిల్లీసెకన్లు దొరుకుతాయి.

కాలం కుంచించుకుపోయినట్లే పరిమాణమూ కుంచించుకుపోయింది. మనిషి గుండె దాదాపు 300 గ్రాములు తూగితే చిట్టెలుక గుండె గ్రాములో పదోవంతుకు కాస్త అటూఇటుగా ఉంటుంది. మనిషి ఎడమ జఠరిక గోడ మందం సుమారు ఒక సెంటీమీటరు. చిట్టెలుకలో అది ఒక మిల్లీమీటరు. కాబట్టి సమానమైన వివరం కావాలంటే చిత్రంలోని ప్రతి గడినీ పొడవు, వెడల్పు, లోతుల్లో పదోవంతుకు తగ్గించాలి. అప్పుడు ఆ గడిలో ఉండే నీటి పరిమాణం వెయ్యోవంతుకు పడిపోతుంది. అనునాద సంకేతం ఆ నీటిలోని హైడ్రోజన్ కేంద్రకాల నుంచే వస్తుంది కనుక సంకేతం కూడా వెయ్యోవంతవుతుంది. కొలతను మళ్లీమళ్లీ చేసి సగటు తీస్తే స్పష్టత పెరుగుతుంది గానీ అది కొలతల సంఖ్యకు వర్గమూలం మేరకే పెరుగుతుంది. వెయ్యి రెట్ల లోటును సగటుతోనే పూడ్చాలంటే పది లక్షల కొలతలు అవసరం. ఏ ప్రాణీ అంతసేపు మత్తులో ఉండలేదు.

ఒక్క రాశి మాత్రం రెండు ప్రాణుల్లోనూ దాదాపు సమానంగా ఉంటుంది. అది బృహద్ధమనిలో రక్తం గరిష్ఠ వేగం. మనిషిలోనూ చిట్టెలుకలోనూ అది సెకనుకు ఒక మీటరు ప్రాంతంలోనే ఉంటుంది. మనిషి బృహద్ధమని మొదలు దాదాపు మూడు సెంటీమీటర్ల వెడల్పుంటే చిట్టెలుకలో అది ఒక మిల్లీమీటరు పైచిలుకు మాత్రమే. ఆ వేగంతో రక్తం ఆ నాళం వెడల్పంత దూరాన్ని ఒక్క మిల్లీసెకనులో దాటిపోతుంది. పైన చెప్పిన 6 మిల్లీసెకన్లలో దాదాపు ఆ గుండె పొడవంత దూరం ప్రయాణిస్తుంది. చిన్న జంతువు విషయంలో ప్రవాహం కొలవడం ఎందుకు కష్టమో ఈ ఒక్క పోలికే తెలియజేస్తుంది.

2. అయస్కాంతానికి ముందు:

గుండె వేగం పరిశోధకుడికి అడ్డు కావడం కొత్త విషయం కాదు. విలియం హార్వే 1628లో రక్తప్రసరణను నిరూపిస్తూ వెలువరించిన గ్రంథంలోనే ఈ ఇబ్బంది కనిపిస్తుంది. వెచ్చని రక్తం గల జంతువుల్లో గుండె కదలిక రెప్పపాటులో ముగిసిపోవడం వల్ల సంకోచం ఏదో వ్యాకోచం ఏదో తేల్చుకోవడం ఆయనకు మొదట అసాధ్యమనిపించింది. అందుకు ఆయన ఎంచుకున్న మార్గం నెమ్మదైన గుండెల్ని వెదకడం. కప్పలు, పాములు, చిన్న చేపలు, నత్తలు వంటి చల్లని రక్తపు ప్రాణులనూ, ప్రాణం పోతున్న దశలో గుండె మందగించిన జంతువులనూ ఆయన పరిశీలించారు. శరీరమంతా పారదర్శకంగా ఉండే ఒక చిన్న రొయ్యను నీటిలో ఉంచి, కోయకుండానే దాని గుండె కదలికను మిత్రులకు చూపించారు. కోయకుండా చూడాలన్న ఆకాంక్షకు అది తొలి నిదర్శనాల్లో ఒకటి.

హార్వే అనంతరం చూడటం నుంచి కొలవడానికి శాస్త్రం మళ్లింది. 1661లో మార్సెల్లో మాల్పీగీ కప్ప ఊపిరితిత్తుల్లో కేశనాళికలను సూక్ష్మదర్శినితో చూసి, ధమనులకూ సిరలకూ మధ్య ఉన్న లంకెను వెల్లడించారు. 1733లో స్టీఫెన్ హేల్స్ గుర్రం ధమనిలో గొట్టం అమర్చి రక్తపీడనాన్ని కొలిచిన ప్రయోగాలను ప్రకటించారు. 1870లో జర్మనీలోని వుర్ట్స్‌బర్గ్‌లో అడాల్ఫ్ ఫిక్, శరీరం గ్రహించిన ఆక్సిజన్ పరిమాణాన్నీ ధమని, సిరల రక్తంలోని ఆక్సిజన్ తేడానూ పోల్చి గుండె పంపే రక్త పరిమాణాన్ని లెక్కగట్టవచ్చని ప్రతిపాదించారు. ఇరవయ్యో శతాబ్ది ద్వితీయార్ధంలో రేడియోధార్మిక సూక్ష్మగోళాల పద్ధతి వచ్చింది. రక్తంలోకి ఎక్కించిన గోళాలు కేశనాళికల్లో చిక్కుకుంటాయి. తరువాత గుండెను ముక్కలుగా కోసి ఏ ముక్కలో ఎన్ని గోళాలున్నాయో లెక్కిస్తే ఆ ముక్కకు అందిన రక్తం తెలుస్తుంది. ఈ పద్ధతి నమ్మదగినదే అయినా దాని నిర్మాణంలోనే ఒక పరిమితి ఉంది. కొలత పూర్తి కావాలంటే జంతువు చనిపోవాలి. అదే గుండె నెల తరువాత ఎలా ఉంటుందన్న ప్రశ్నకు అక్కడ తావు లేదు.

3. పారే ద్రవంలో అనునాదం:

1946లో ఫెలిక్స్ బ్లాక్, ఎడ్వర్డ్ పర్సెల్ బృందాలు అమెరికాలో విడివిడిగా కేంద్రక అయస్కాంత అనునాదాన్ని ఘన, ద్రవ పదార్థాల్లో గుర్తించాయి. బలమైన అయస్కాంత క్షేత్రంలో హైడ్రోజన్ కేంద్రకాలు నిర్దిష్టమైన పౌనఃపున్యంతో తిరుగాడతాయి. అదే పౌనఃపున్యం గల రేడియో తరంగాన్ని పంపితే అవి శక్తిని గ్రహించి, తిరిగి సంకేతాన్ని ఇస్తాయి. ఈ ఆవిష్కరణకు 1952లో ఇద్దరికీ భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. తొలి ప్రయోగాల్లో నమూనా నిశ్చలంగా ఉండేది. ద్రవం కదిలితే ఏమవుతుందన్న ప్రశ్న ఆ తరువాత వచ్చింది.

ఆ ప్రశ్నకు తొలి ప్రయోగాత్మక సమాధానం భారతదేశం నుంచి రావడం ప్రత్యేకంగా గుర్తించవలసిన అంశం. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో పనిచేసిన జి. సూర్యన్, పారే ద్రవాల్లో కేంద్రక అనునాదం గురించిన తన పరిశీలనను 1951లో భారతీయ విజ్ఞాన అకాడమీ పత్రికలో ప్రకటించారు. నిలకడగా ఉన్న ద్రవంపై రేడియో తరంగం ఎడతెగకుండా పడితే కేంద్రకాలు సంతృప్తమై సంకేతం సన్నగిల్లుతుంది. ద్రవం పారుతున్నప్పుడు అలసిన కేంద్రకాలు పక్కకు తప్పుకొని కొత్తవి ఆ చోటికి వస్తాయి. అందువల్ల సంకేతం బలపడుతుంది. ఈ పెరుగుదలలోనే ప్రవాహ వేగం గురించిన సమాచారం దాగి ఉంది. తరువాతి కాలంలో చిత్రంలో రక్తం చుట్టూ ఉన్న కణజాలం కంటే తెల్లగా మెరవడానికి ఆధారమైన సూత్రం ఇదే.

1959లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలోని జెరోమ్ సింగర్ ఈ ఆలోచనను ప్రాణి దేహానికి అన్వయించారు. ఆయన ఎంచుకున్నది చిట్టెలుక తోక. సన్నని తోక చిన్న అయస్కాంతపు ధ్రువాల మధ్య ఇముడుతుంది. పైగా ఛాతీలాగా కదలదు. జీవించి ఉన్న ప్రాణిలో అనునాద పద్ధతితో రక్తప్రవాహాన్ని కొలిచే ప్రయత్నం ఈ విధంగా చిట్టెలుకతోనే మొదలైంది. తోక నుంచి గుండె వరకు చేరడానికి మరో నాలుగు దశాబ్దాలు పట్టింది.

4. సంకేతం చిత్రంగా మారిన వైనం:

సింగర్ కొలత ఒక అంకెను ఇచ్చింది గానీ రక్తం ఏ చోట పారుతోందో చూపలేదు. ఆ లోటును తీర్చినది 1973లో పాల్ లాటర్‌బర్ ప్రతిపాదన. అయస్కాంత క్షేత్రాన్ని ఒక చివర నుంచి మరో చివరకు క్రమంగా పెరిగేట్లు అమరిస్తే ఒక్కో స్థానంలోని కేంద్రకాలు ఒక్కో పౌనఃపున్యంతో స్పందిస్తాయి. పౌనఃపున్యాన్ని బట్టి స్థానాన్ని తెలుసుకోవచ్చు. రెండు సన్నని నీటి గొట్టాల చిత్రంతో మొదలైన ఈ పద్ధతిలో ఆయన 1974 నాటికి జీవించి ఉన్న చిట్టెలుక ఛాతీ చిత్రాన్ని తీయగలిగారు. అదే ఏడాది స్కాట్లండులోని అబర్డీన్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ హచిసన్, జాన్ మల్లార్డ్ బృందం చనిపోయిన చిట్టెలుక చిత్రాన్ని రూపొందించింది. నాటింగ్‌హామ్‌లో పీటర్ మాన్స్‌ఫీల్డ్ 1977లో చిత్రాన్ని అతి వేగంగా సేకరించే పద్ధతిని ప్రతిపాదించారు. లాటర్‌బర్, మాన్స్‌ఫీల్డ్‌లకు 2003లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి దక్కింది.

చిత్రంలో వేగాన్ని కూడా నమోదు చేయడానికి మరో మార్గం కావలసి వచ్చింది. దాని మూలం ఎర్విన్ హాన్ 1960లో సముద్రజలాల కదలికను కొలవడానికి చేసిన ప్రతిపాదనలో ఉంది. స్థానాన్ని బట్టి మారే క్షేత్రాన్ని ముందు ఒక దిశలో, వెంటనే వ్యతిరేక దిశలో ప్రయోగించినప్పుడు నిశ్చలమైన కేంద్రకాలపై రెండింటి ప్రభావం రద్దవుతుంది. కదిలే కేంద్రకాలు ఈలోగా స్థానం మారుతాయి కనుక వాటి దశలో కొంత తేడా మిగిలిపోతుంది. ఆ తేడా వేగానికి అనులోమానుపాతంలో ఉంటుంది. 1982లో పాల్ మోరన్ ఈ సూత్రాన్ని చిత్రణకు అనుసంధానించే సిద్ధాంతాన్ని ప్రకటించారు. 1984లో డి. జె. బ్రయంట్ బృందం దశా వ్యత్యాసంతో ప్రవాహాన్ని కొలిచి చూపింది. 1986లో లండన్‌కు చెందిన నేలర్, ఫర్మిన్, లాంగ్‌మోర్‌లు గుండె స్పందన పొడవునా రక్తవేగాన్ని చలనచిత్రంలా చూపగలిగారు. ఈ పద్ధతికే ఫేజ్ కాంట్రాస్ట్ అనే పేరు స్థిరపడింది.

ఈ కాలంలోనే జర్మనీలోని గోటింగెన్‌లో ఆక్సెల్ హాసె, యెన్స్ ఫ్రామ్ తదితరులు ఫ్లాష్ అనే వేగవంతమైన పద్ధతిని రూపొందించారు. కేంద్రకాలను పూర్తిగా కాక కొద్దిగా మాత్రమే వంచితే అవి త్వరగా కోలుకుంటాయి. కాబట్టి తరువాతి కొలత కోసం చాలాసేపు వేచి ఉండనక్కరలేదు. సెకన్ల నిరీక్షణ మిల్లీసెకన్లకు తగ్గింది. మనిషి గుండె చిత్రణకు ఇది ఎంత ఉపకరించిందో, చిట్టెలుక గుండె చిత్రణకు అంతకంటే ఎక్కువగా ఉపకరించింది. ఈ సౌలభ్యం లేకుండా 120 మిల్లీసెకన్ల స్పందనను విభజించి చూడటం ఊహకు అందని పని.

5. మళ్లీ చిట్టెలుక వైపు:

1980లలో పరిశోధకుల దృష్టి ప్రధానంగా మనిషిపైన నిలిచింది. చిట్టెలుక తిరిగి కేంద్రస్థానానికి రావడానికి కారణం భౌతికశాస్త్రంలో కాక జన్యుశాస్త్రంలో ఉంది. నిర్దిష్టమైన ఒక జన్యువును పనిచేయకుండా చేసిన చిట్టెలుకలు 1989 నుంచి అందుబాటులోకి వచ్చాయి. ఈ సాంకేతికతకు పునాదులు వేసిన మారియో కపెకీ, మార్టిన్ ఎవాన్స్, ఆలివర్ స్మితీస్‌లకు 2007లో నోబెల్ బహుమతి లభించింది. ఫలానా జన్యువు లేకపోతే గుండెకు ఏమవుతుంది అన్న ప్రశ్నను నేరుగా అడిగే అవకాశం వచ్చింది. జన్యువును మార్చగలిగారు గానీ దాని ఫలితాన్ని బతికున్న గుండెలో కొలిచే సాధనం అప్పటికి పరిమితంగానే ఉంది.

ఈ అవసరాన్ని తీర్చడంలో వుర్ట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం ముందు వరుసలో నిలిచింది. ఫ్లాష్ రూపకర్తల్లో ఒకరైన హాసె అక్కడి భౌతికశాస్త్ర విభాగంలో పనిచేశారు. 1998లో ఆ బృందం చిట్టెలుక ఎడమ జఠరిక ద్రవ్యరాశినీ పనితీరునూ సూక్ష్మచిత్రణతో లెక్కగట్టిన పరిశోధనను ప్రకటించింది. ఫిక్ తన సూత్రాన్ని ప్రతిపాదించిన ఊరిలోనే, నూట ఇరవై ఎనిమిదేళ్ల తరువాత, గుండె పంపే రక్తాన్ని సూది గుచ్చకుండా కొలిచే పని ఈ విధంగా కొనసాగింది.

సంకేతపు లోటును పూడ్చడానికి మూడు మార్గాలు ఏకకాలంలో అనుసరించబడ్డాయి. మొదటిది క్షేత్ర బలం. వైద్యశాలల్లో ఎక్కువగా 1.5 లేదా 3 టెస్లాల అయస్కాంతాలు వాడుతుంటే చిన్న జంతువులకు 4.7, 7, 9.4, 11.7 టెస్లాల అయస్కాంతాలు వచ్చాయి. 9.4 టెస్లా అంటే భూమి అయస్కాంత క్షేత్రానికి సుమారు రెండు లక్షల రెట్లు. రెండవది గ్రాహక చుట్ట. చిట్టెలుక ఛాతీకి సరిపడేంత చిన్న చుట్టను దగ్గరగా అమరిస్తే సంకేతం బలంగా అందుతుంది, అనవసరపు రొద తగ్గుతుంది. మూడవది క్షేత్రపు వాలు. మనుషుల యంత్రాల్లో అది మీటరుకు 40 నుంచి 80 మిల్లీటెస్లాల స్థాయిలో ఉంటే చిన్న జంతువుల యంత్రాల్లో అనేక వందల మిల్లీటెస్లాలకు చేరింది. సూక్ష్మమైన గడులకూ స్వల్ప వ్యవధికీ ఇది తప్పనిసరి.

6. లయను పట్టుకోవడం:

ఇంత బలమైన యంత్రమున్నా ఒక్క స్పందనలో పూర్తి చిత్రం రాదు. అనేక స్పందనల నుంచి ముక్కలుముక్కలుగా సేకరించి, ఒకే దశకు చెందిన ముక్కలను కూర్చవలసి ఉంటుంది. అందుకోసం గుండె ఏ క్షణంలో ఏ దశలో ఉందో యంత్రానికి తెలియాలి. మొదట్లో దీనికి ఈ.సి.జి. తీగలనే ఆశ్రయించారు. అయితే బలమైన క్షేత్రంలో ఈ.సి.జి. నమ్మదగినదిగా ఉండదు. రక్తం విద్యుద్వాహకం. అది అయస్కాంత క్షేత్రంలో పారుతుంటే దానంతటదే వోల్టేజి పుడుతుంది. క్షేత్రపు వాలు మారిన ప్రతిసారీ తీగల్లో అదనపు సంకేతాలు చేరతాయి. క్షేత్రం ఎంత బలపడితే గుండె గుర్తు అంత మసకబారుతుంది. స్పష్టత కోసం పెంచిన క్షేత్రమే లయను గుర్తించడానికి అడ్డయింది. దీనికి తోడు శ్వాస వల్ల ఛాతీ కదులుతుంది. గుండె దశ సరిపోలినా శ్వాస దశ సరిపోలకపోతే చిత్రం చెదిరిపోతుంది.

2000 తరువాతి దశాబ్దంలో ఈ చిక్కుకు ఒక పరిష్కారం లభించింది. గుండె కోసం వేచి ఉండకుండా యంత్రం నిరంతరాయంగా కొలుస్తూ పోతుంది. ప్రతి కొలతతో పాటు ఛాతీ మొత్తం నుంచి వచ్చే సంకేతాన్ని కూడా నమోదు చేస్తుంది. గుండె నిండినప్పుడు, ఖాళీ అయినప్పుడు, ఊపిరి పీల్చినప్పుడు ఆ సంకేతంలో హెచ్చుతగ్గులు కనిపిస్తాయి. కొలత ముగిశాక ఆ హెచ్చుతగ్గులను చదివి, ఏ ముక్క ఏ దశకు చెందుతుందో వేరుచేసి పేరుస్తారు. దీన్నే స్వీయ గేటింగ్ అంటారు. 2006లో ఫ్రాన్స్‌లోని లియోన్‌కు చెందిన బస్సెమ్ హీబా బృందం 7 టెస్లాల వద్ద గుండె, శ్వాస లయలు రెండింటినీ ఈ విధంగా గుర్తించి చిట్టెలుక గుండె చలనచిత్రాన్ని రూపొందించింది. హార్వే నెమ్మదైన గుండెను వెదికారు. ఈ పరిశోధకులు వేగమైన గుండెను దాని మానాన కొట్టుకోనిచ్చి, లెక్కను తరువాత సరిచేసుకున్నారు.

7. కండరానికి అందే రక్తం:

గుండె గదుల్లో పారే రక్తం వేరు, గుండె కండరంలోకి ఇంకే రక్తం వేరు. కాలువ నిండా నీరు పారుతున్నా శివారు మడి ఎండిపోవచ్చు. అలాగే బృహద్ధమనిలో ప్రవాహం సజావుగా ఉన్నప్పటికీ హృద్ధమనిలో అడ్డు ఏర్పడితే కండరంలో ఒక భాగం రక్తం అందక చనిపోతుంది. గుండెపోటు అంటే ఇదే. కాబట్టి వైద్యపరంగా నిర్ణాయకమైన కొలత మడికి అందిన నీటి కొలత.

మనుషుల్లో దీనికి 1990 ప్రాంతంలో ఒక మార్గం ఏర్పడింది. గడోలినియం ఆధారిత ద్రవాన్ని సిరలోకి ఎక్కించి, అది మొదటిసారి గుండె కండరం గుండా సాగిపోయేటప్పుడు వరుసగా చిత్రాలు తీస్తారు. చిట్టెలుక శరీరంలోని మొత్తం రక్తం రెండు మిల్లీలీటర్లకు మించదు. అందులోకి ఎక్కించే ద్రవం అత్యల్పంగా ఉండాలి. పైగా అది కొద్ది క్షణాల్లోనే గుండెను దాటిపోతుంది. ఒకసారి ఎక్కించాక ఆ ద్రవం శరీరం నుంచి తొలగేదాకా కొలతను పునరావృతం చేయడం కుదరదు.

ఇందుకు ప్రత్యామ్నాయంగా ఎదిగినది స్పిన్ లేబలింగ్. 1992లో జాన్ డెట్రే, డొనాల్డ్ విలియమ్స్, ఎలన్ కొరెట్‌స్కీ తదితరులు ఎలుక మెదడులో ఈ పద్ధతిని ప్రదర్శించారు. బయటి నుంచి ఏ పదార్థాన్నీ ఎక్కించకుండా, రక్తంలోని నీటి కేంద్రకాల దిశనే రేడియో తరంగంతో తలకిందులు చేసి వాటిని గుర్తుగా వాడుకోవడం ఇందులోని ముఖ్యాంశం. 1993లో విలియమ్స్ బృందం శరీరం నుంచి వేరుచేసిన ఎలుక గుండెలో దీన్ని ప్రయోగించింది. 1998లో వుర్ట్స్‌బర్గ్ బృందం బతికున్న ఎలుక గుండెలో రక్తసరఫరా పటాన్ని గీసింది. 2004లో ఫ్రాన్స్‌లోని మార్సెయ్‌కు చెందిన ఫ్రాంక్ కోబర్ తదితరులు చిన్న జంతువుల్లో మరింత సూక్ష్మమైన పటాలను సాధించారు.

ఈ కొలత జరిగే తీరు ఇది. మొదట ఒక పొరలోని కేంద్రకాలను మాత్రమే తలకిందులు చేసి అవి కోలుకునే వేగాన్ని కొలుస్తారు. బయటి నుంచి తాజా రక్తం ఆ పొరలోకి చేరుతుండటం వల్ల కోలుకోవడం త్వరగా జరిగినట్లు కనిపిస్తుంది. రెండవసారి శరీరమంతటా కేంద్రకాలను తలకిందులు చేస్తారు. అప్పుడు లోపలికి వచ్చే రక్తం కూడా తలకిందులైనదే కనుక ఆ అదనపు వేగం ఉండదు. రెండింటి తేడాయే రక్తసరఫరా. ఒక్కసారి తలకిందులు చేశాక అనేక బిందువుల వద్ద వరుసగా చదివే లుక్-లాకర్ పద్ధతి 1970 నుంచి ఉన్నదే. దాన్ని గుండె లయకు అనుసంధానించడం వల్ల కొలత సమయం చాలా తగ్గింది.

ఈ పద్ధతి మనిషిలో కంటే చిట్టెలుకలో బాగా పనిచేయడం గమనార్హం. మనిషి గుండె కండరానికి విశ్రాంతిలో గ్రాముకు నిమిషానికి సుమారు 1 మిల్లీలీటరు రక్తం అందుతుంది. చిట్టెలుకలో అది అనేక రెట్లు ఎక్కువ. ఉదాహరణకు 6 మిల్లీలీటర్లు అనుకుందాం. కేంద్రకాలు కోలుకునే కాలం బలమైన క్షేత్రంలో సుమారు 1.4 సెకన్లు అనుకుంటే రక్తసరఫరా వల్ల ఏర్పడే తేడా దాదాపు 14 శాతం అవుతుంది. మనిషిలో ఆ కాలం 1 సెకను అనుకుంటే తేడా 2 శాతానికి లోపే ఉంటుంది. అంత చిన్న తేడా గుండె, శ్వాసల సహజమైన ఒడిదుడుకుల్లో కలిసిపోతుంది. ఇంతవరకూ ప్రతికూలంగా నిలిచిన చిట్టెలుక దేహధర్మం ఇక్కడ అనుకూలంగా మారింది.

అయితే కోలుకునే ప్రక్రియ కొన్ని సెకన్లు సాగుతుంది. ఆలోగా గుండె పదుల సార్లు కొట్టుకుంటుంది, ప్రాణి ఊపిరి తీస్తుంది. లయ కొంచెం తప్పినా లెక్క తప్పుతుంది. 2010లో వర్జీనియా విశ్వవిద్యాలయంలో మోరియెల్ వాండ్స్‌బర్గర్, ఫ్రెడరిక్ ఎప్‌స్టీన్ తదితరులు గుండె, శ్వాస దశలు రెండూ సరిపోలిన కొలతలనే స్వీకరించి, గుండెపోటుకు గురైన చిట్టెలుకల్లో ఈ లెక్కను మెరుగుపరిచారు. లండన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన ఏడ్రియన్ క్యాంప్‌బెల్-వాష్‌బర్న్, మార్క్ లిత్‌గో తదితరులు ఒకే జంతువులో కొలతను తిరిగి చేస్తే ఎంత తేడా వస్తుందో పరిశీలించి 2013లో ప్రకటించారు. ఒక అంకెను సాధించడం మొదటి మెట్టయితే, ఆ అంకె రేపు కూడా అదేగా వస్తుందా అని నిలదీయడం రెండవ మెట్టు.

8. తక్కువ కొలతలతో పూర్తి చిత్రం:

వేగాన్ని మూడు దిశల్లోనూ, స్పందన పొడవునా, గుండె మొత్తానికీ కొలవాలంటే సమయం గంటలకు చేరుతుంది. దీన్ని తగ్గించడంలో గణితశాస్త్రం తోడ్పడింది. 2006లో డేవిడ్ డొనోహో ఒకవైపు, ఎమాన్యుయెల్ కాండెస్, జస్టిన్ రోంబర్గ్, టెరెన్స్ టావో మరోవైపు కంప్రెస్డ్ సెన్సింగ్ సిద్ధాంతాన్ని ప్రకటించారు. చిత్రాన్ని కొద్దిపాటి గుణకాలతో వర్ణించడం సాధ్యమైతే దాన్ని పునర్నిర్మించడానికి అన్ని కొలతలూ అవసరం లేదని దాని సారాంశం. మరుసటి ఏడాదే మైకెల్ లస్టిగ్, డొనోహో, జాన్ పాలీలు దీన్ని అనునాద చిత్రణకు అన్వయించారు. అనతికాలంలోనే ఇది చిట్టెలుక గుండె చిత్రణకూ విస్తరించింది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. తక్కువ కొలతల నుంచి చిత్రాన్ని పూరించినప్పుడు కంటికి నునుపుగా కనిపించే చిత్రంలో వేగపు శిఖరం తగ్గిపోయే ప్రమాదం ఉంది. చూడటానికి అందమైన చిత్రం కొలతకు సరైన చిత్రం కావాలని లేదు.

9. అంకె వెనక ఉన్న ప్రాణి:

యంత్రం ఎంత మెరుగుపడినా కొలత జరిగేది మత్తులో ఉన్న ప్రాణిలో. ఐసోఫ్లురేన్ అనే మత్తువాయువు హృద్ధమనులను వ్యాకోచింపజేస్తుంది. 2005లో కోబర్ బృందం కెటమిన్-జైలజీన్ మిశ్రమాన్నీ ఐసోఫ్లురేన్‌నూ పోల్చి, ఐసోఫ్లురేన్ మోతాదు పెరిగితే చిట్టెలుక గుండె కండరంలో రక్తసరఫరా గణనీయంగా పెరిగిపోతుందని చూపింది. శరీర ఉష్ణోగ్రత తగ్గితే గుండె లయ మందగిస్తుంది. కాబట్టి రెండు ప్రయోగశాలల అంకెలు వేరుగా ఉన్నంత మాత్రాన రెండు జాతుల చిట్టెలుకలు వేరని నిర్ణయించడం తొందరపాటు. మత్తు మోతాదు, ఉష్ణోగ్రత, స్పందనల సంఖ్య తెలియకుండా రక్తసరఫరా అంకెకు అర్థం లేదు. ఒక మందు మనిషికి పనికివస్తుందా అన్న నిర్ణయం వైపు ఈ అంకెలే దారితీస్తాయి కనుక ఈ పట్టింపు అతిచాదస్తం కాదు.

సింగర్ చిట్టెలుక తోకను కొలిచిన 1959లోనే విలియం రస్సెల్, రెక్స్ బర్చ్ అనే ఆంగ్ల శాస్త్రవేత్తలు ప్రయోగాల్లో మానవీయత గురించి ఒక గ్రంథాన్ని వెలువరించారు. వీలైన చోట జంతువుకు ప్రత్యామ్నాయం వెదకాలి, తప్పనిసరైతే సంఖ్య తగ్గించాలి, బాధను తగ్గించాలి అన్నవి అందులోని మూడు సూత్రాలు. సూక్ష్మగోళాల పద్ధతిలో గుండెపోటు తరువాత ఒకటో రోజు, వారం, నెల స్థితులను పోల్చాలంటే ప్రతి దశకూ వేరే జంతువుల గుంపును చంపవలసి వచ్చేది. అనునాద చిత్రణలో ఒకే జంతువును మూడుసార్లు చూడవచ్చు. జంతువుల సంఖ్య తగ్గడంతో పాటు ప్రతి జంతువూ తనకు తానే పోలికగా నిలవడం వల్ల ఫలితం విశ్వసనీయత కూడా పెరుగుతుంది. అయితే దీనికి మరో పార్శ్వం ఉంది. పదేపదే మత్తు ఇవ్వడం కూడా ప్రాణికి భారమే. కొలత సమయాన్ని గంట నుంచి పావుగంటకు తగ్గించడం పరిశోధకుడి సౌకర్యంతో పాటు ఆ ప్రాణి క్షేమానికీ సంబంధించిన విషయం.

10. ముగింపు:

పై చర్చను బట్టి ఈ కింది అంశాలు తేలుతున్నాయి.

• పారే ద్రవంలో అనునాదాన్ని గురించిన తొలి పరిశీలన 1951లో బెంగళూరులో జరిగింది. జీవించి ఉన్న ప్రాణిలో రక్తప్రవాహం కొలత 1959లో చిట్టెలుక తోకతో మొదలైంది. చిన్న జంతువుల చిత్రణను మనుషుల చిత్రణకు అనుబంధంగా మాత్రమే చూడటం చారిత్రకంగా సరికాదు.

• క్షేత్ర బలం పెరగడం సంకేతపు లోటును కొంతవరకు తీర్చినా ఈ.సి.జి.ని మసకబార్చి కొత్త చిక్కును తెచ్చింది. ఆ చిక్కును విప్పినవి గుండె, శ్వాస లయలను చిత్రంలోని సమాచారం నుంచే గుర్తించే పద్ధతులు.

• ప్రవాహ వేగం, కండరానికి అందే రక్తం వేర్వేరు ప్రశ్నలు. మొదటిదానికి ఫేజ్ కాంట్రాస్ట్, రెండవదానికి స్పిన్ లేబలింగ్ ప్రధాన సాధనాలయ్యాయి. రెండవ పద్ధతి చిట్టెలుక దేహధర్మం వల్లనే మనిషిలో కంటే దానిలో ఎక్కువగా ఫలించింది.

• మత్తు, ఉష్ణోగ్రత, స్పందనల సంఖ్య వంటి వివరాలు కొలతలో అంతర్భాగాలు. వాటిని నమోదు చేయని ఫలితం అసంపూర్ణం.

• కొలత త్వరగా ముగియడం, మళ్లీ చేస్తే అదే ఫలితం రావడం అనే రెండు లక్ష్యాలు శాస్త్రీయ కచ్చితత్వానికీ జంతు సంక్షేమానికీ ఏకకాలంలో తోడ్పడుతున్నాయి.

హార్వే నాటి నుంచి పరిశోధకుల ముందున్న ప్రశ్న ఒక్కటే: గుండెను ఆపకుండా గుండె పనిని తెలుసుకోవడం ఎలా? నాలుగు వందల ఏళ్లకు చేరువవుతున్న ఆ అన్వేషణలో సాధనాలు మారాయి, అంకెలు సూక్ష్మమయ్యాయి. కొట్టుకునే గుండె లయకు కొలిచేవాడే తనను తాను సర్దుకోవాలన్న నియమం మాత్రం మారలేదు.